కుంగని బండితో కోనసీమ

మొదటి రోజు

తెల్లవారుజామున అయిదింటికి, ఇంజను స్టార్ట్ చేయకముందే, వెనక ఎడమ చక్రం దగ్గర గొంతు కూర్చుని చెయ్యి పెట్టి కొలిచాను. టైరు పైభాగానికీ మడ్‌గార్డు అంచుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టాల్సిన చోట మూడే పట్టాయి. కుడివైపు నాలుగూ హాయిగా పట్టాయి.

"రాత్రికి రాత్రి ఒక వేలు దిగింది" అన్నాను.

మా ఆవిడ డిక్కీలో సంచులు సర్దుతూ, "పిల్లకు జ్వరమొస్తే నుదురు కూడా ఇంత శ్రద్ధగా పట్టి చూడరు" అంది.

ఇంజను తిప్పగానే అడుగున ఎక్కడో గాలి కొట్టే కంప్రెసర్ బుర్రుమంది. అర నిమిషంలో ఎడమ మూల లేచి నిలబడింది. ఏ దీపమూ వెలగలేదు. రెండు నెలల కిందట ఈ పన్నెండేళ్ల ఫోర్ వీల్ డ్రైవ్ బండిని పాతదిగా కొన్నప్పటి నుంచీ నాకు నచ్చనిది ఇదే. ఎక్కడ నొప్పో చెప్పదు. గాలి కారిపోతున్నా కంప్రెసర్ నింపేస్తుంది, అద్దంలో చూసుకున్నట్టు సమంగా నిలబడుతుంది. ఆ కంప్రెసరే అలసి కాలిపోయిన రోజున గానీ యజమానికి సంగతి తెలియదు.

ఇందులో ఉక్కు స్ప్రింగులు లేవు, బండిని గాలి మీద నిలబెట్టే ఎయిర్ సస్పెన్షన్ ఉంది. నాలుగు చక్రాల దగ్గరా నాలుగు మందపాటి రబ్బరు తిత్తులు ఉంటాయి. బస్సు మెకానిక్కులు వీటిని బెలూన్లంటారు. ఓల్వో బస్సు ఎక్కినవాళ్లందరూ వాటి మీద కూర్చున్నవాళ్లే. ప్రతి చక్రం దగ్గరా చిన్న చెయ్యిలాంటి సెన్సర్ ఒకటి, చక్రానికీ బాడీకీ మధ్య ఎత్తెంతో చూస్తూ ఉంటుంది. తగ్గితే కంప్యూటర్ గాలి నింపిస్తుంది, పెరిగితే వదిలిస్తుంది. 1955లో సిట్రోయెన్ డీఎస్ కారు నూనెతోనూ నైట్రోజన్‌తోనూ ఇలాంటి విద్యే చూపించింది. రేంజ్ రోవర్‌లో ఎలక్ట్రానిక్ ఎయిర్ సస్పెన్షన్ వచ్చింది 1992లో. నా బండికి మామూలు ఎత్తు ఒకటి, ఎక్కి దిగడానికి అయిదు సెంటీమీటర్లు కిందికి ఒకటి, అడ్డదారులకు అయిదు సెంటీమీటర్లు పైకి ఒకటి.

ఏలూరు దాటాక జాతీయ రహదారి మీద వేగం నిలకడగా నూరు దాటి కొంతసేపయ్యాక బండి తనంతట తానే ఇంకాస్త కిందికి దిగింది. గాలి ఒరిపిడి తగ్గడానికి, మలుపుల్లో తూలకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. లోపల కూర్చుంటే తెలియదు. తెరమీద బాణం గుర్తు చూసి మా అమ్మాయి చెబితే తెలిసింది. సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ దాటి, రావులపాలెంలో ఇడ్లీ తిని, ఆత్రేయపురం వైపు తిరిగాం.

నవంబరు నెల. కోతలు జోరుగా ఉన్నాయి. తారురోడ్డుకు సగం మేర ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. మిగతా సగంలో ఎదురుగా ట్రాక్టరొస్తే ఎవరో ఒకరు మట్టి అంచులోకి దిగాల్సిందే. దిగేవాణ్ని ఎప్పుడూ నేనే అయ్యాను. ఎంతైనా ఆ ధాన్యం వాళ్లది. తారు అంచు జానెడు లోతున విరిగి ఉన్న చోట ఒక చక్రం దిగితే, ఉక్కు స్ప్రింగు బండిలో దడదడలాడేది, ఇందులో బరువైన మనిషి సోఫాలో కూర్చున్నట్టు మెత్తగా దిగి లేచింది. ఈ సుఖం నిజమే, కాదనను.

పూతరేకులు రెండు పెట్టెలు కొన్నాం. లొల్ల లాకుల దగ్గర కాసేపు ఆగాం. బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ మీదికి వెళ్లి గోదావరిని చూశాం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తి చేసిన ఆనకట్ట చోట ఇప్పుడున్నది 175 గేట్ల బ్యారేజీ. అక్కడ తలుపెత్తిన నీరే మేం ఆ రోజంతా పక్కన పెట్టుకుని నడిచిన కాలువ.

మధ్యాహ్నం ఏటిగట్టు ఎక్కాం. గట్టు దారి నదివైపు వాలి ఉంది. బండి కూడా అటే ఒరిగింది. "నీ బండి తనే సమం చేసుకుంటుందన్నావుగా?" అంది మా ఆవిడ, తలుపు పట్టుకుని. చాలామంది పడే పొరపాటే ఇది, మొదట్లో నేనూ పడ్డాను. సెన్సర్ చూసేది చక్రానికీ బాడీకీ మధ్య దూరమే. నేల వాలిందో, ఆకాశం ఎటుందో దానికి అక్కర్లేదు. నేల ఎటు వాలితే అటే, కానీ నాలుగు కాళ్లూ సమానంగా చాపి వాలుతుంది. పైగా అడ్డదారి ఎత్తులో పెడితే బరువు పైకి పోతుంది, ఒరిగినప్పుడు గుండె ఇంకాస్త జారుతుంది. గట్టు మీద మామూలు ఎత్తులోనే నడిపాను.

చీకటి పడేసరికి గన్నవరం. విమానాశ్రయం ఉన్న గన్నవరం కాదు, గోదావరి పాయల మధ్య ఉన్న పి.గన్నవరం. మా మేనమామగారి ఊరు దాని పక్కనే.

రెండో రోజు

పొద్దున్న రెండు వేళ్లే పట్టాయి.

మామయ్యకు లంకలో రెండెకరాల కొబ్బరి, అరటి ఉంది. మధ్యలో చిన్న పాయ. వరదల్లో పడవే గతి, ఈ రోజుల్లో మోకాలి లోతు నీళ్లు. బావ పంచె ఎగ్గట్టి ముందు నడిచి చూశాడు, వెనక నేను బండి ఎత్తు పెంచి మెల్లగా దిగాను. నా బండికి పై ఎత్తులో డెబ్భై సెంటీమీటర్ల నీటిదాకా అనుమతి. నీళ్లలో మితిమీరిన వేగం పనికిరాదు. బానెటు ముందు చిన్న అల లేచి, ఆ అల వెనకే బండి నడవాలి. అవతలి ఒడ్డున బ్రేకులు రెండుసార్లు తొక్కి ఆరబెట్టుకున్నాం.

అసలు కథ ఆ ఒడ్డు ఎక్కేటప్పుడు జరిగింది. వాన నీళ్లు ఒక మూల నుంచి మరో మూలకు దారిని కోసేసి గండి చేశాయి. ముందు కుడి చక్రం దిబ్బ ఎక్కింది, వెనక ఎడమ చక్రం ఎత్తులో ఉంది, మిగతా రెండూ గోతుల మీద. బండి అడ్డదారి ఎత్తులోనే ఉంది. ఆ ఎత్తులో కాళ్లు దాదాపు పూర్తిగా చాపి ఉంటాయి, ఇంకా కిందికి చాపడానికి చోటు ఉండదు. ముందు ఎడమ చక్రం నేలను అందుకోలేక గాలిలో వేలాడుతూ తిరిగింది. వెనక కుడి చక్రం ఒండ్రులో తిరిగి నల్లటి బురదను బావ పంచె మీద చల్లింది. గాలి నిండా కొట్టుకున్న బండి బిర్రబిగుసుకుని కూర్చుంది.

బావ ట్రాక్టరు మనిషి. ఎయిర్ సస్పెన్షన్ సంగతి అతనికి తెలియదు. వేలాడే చక్రం కిందికి వంగి చూసి, "కాలు అందట్లేదు బావా. పైకెత్తి కూర్చున్నావెందుకు? దించు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. అడుగు గీసుకుంటుందేమోనన్న భయంతో ఎత్తాను కదా, దించితే ఎలా? అయినా మీట నొక్కాను. బుస్సుమంటూ బాడీ అయిదు సెంటీమీటర్లు దిగింది. చక్రానికి ఆ మేరకు కిందికి చాపుకునే చోటు దొరికింది. వేలాడే టైరు మట్టిని తాకింది. వెనక చక్రం కింద నాలుగు కొబ్బరి మట్టలు అడ్డంగా తొక్కించాం. లో గేరులో, కాలు తీసి పెట్టకుండా, ఒకే పట్టున ఒడ్డెక్కింది. అడుగున ఒకచోట గీసుకున్న చప్పుడు వినబడిన మాట నిజం. ఆ చప్పుడుకే భయపడి ఎత్తులోనే ఉండి ఉంటే సాయంత్రం దాకా అక్కడే ఉండేవాళ్లం.

ఎత్తు వల్ల లాభమేమీ లేదని కాదు. పాత జీపుల్లో ఇరుసు ఒకే గట్టి దూలం. బాడీని ఎంత లేపినా, ఇంజను శక్తిని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ గుండు మధ్యలో టైరు ఎత్తును బట్టే ఉంటుంది. నా బండిలో చక్రాలు వేటికవే విడివిడి, గుండు బాడీకి బిగించి ఉంటుంది. కాబట్టి బాడీతోపాటు అదీ లేస్తుంది. దారి మధ్యలో దిబ్బ ఉన్నప్పుడు ఇది చాలా పెద్ద వరం. అయితే విడివిడి చక్రాలకు ఒకటి పైకి పోతే రెండోది కిందికి రావడమన్న గుణం లేదు, దూలం ఇరుసుకు అది పుట్టుకతోనే ఉంది. ఆ లోటు తీర్చడానికి కొన్ని బండ్లలో నెమ్మదిగా వెళ్లేటప్పుడు కుడి ఎడమ బెలూన్లను కలిపేస్తారు. ఒక తిత్తి నొక్కుకుంటే అందులోని గాలి రెండోదానిలోకి పోయి ఆ చక్రాన్ని కిందికి తోస్తుంది. నా బండిలోనూ ఆ ఏర్పాటుందని అమ్మినవాళ్లు చెప్పారు. కాలు చాపడానికి చోటే లేనప్పుడు అది మాత్రం ఏం చేస్తుంది?

తోటలో వంద కాయలు, రెండు అరటి గెలలు వెనక వేశారు. వేస్తుండగా బండి వెనక్కి కుంగింది. తలుపులన్నీ మూసి ఇంజను తిప్పగానే నెమ్మదిగా లేచి సమమైంది. మామయ్య కళ్లజోడు సర్దుకున్నారు.

"మళ్లీ లేచిందేమిట్రా?"

"గాలి నింపుకుంది మామయ్యా. ఎంత బరువేస్తే అంత ఒత్తిడి పెంచుకుంటుంది. ఎత్తు మారదు."

"అయితే ఇంకో యాభై వేయండి" అన్నారు పాలేరుతో.

"వద్దండీ" అన్నాను. నా గొంతు వినబడలేదు. "ఆయ్, అలాగేనండి" అంటూ అతను అప్పటికే తెస్తున్నాడు.

దారిలో మామయ్య ఎడ్లబండి రోజులు చెప్పారు. ఎక్కువ వేస్తే ఇరుసు మూలిగేదట, ఎడ్లు మెడ తిప్పి చూసేవట. లారీకైతే కమాను కట్టలు చదునవుతాయి, చూసేవాడికి తెలిసిపోతుంది. నా బండి మాత్రం ఒక్క మూలుగు మూలగలేదు. హెడ్‌లైట్లు కూడా ఆకాశం చూడకుండా రోడ్డునే చూస్తున్నాయి. ఖాళీగా ఉన్నప్పుడు ఎలా ఊగిందో నిండా ఉన్నప్పుడూ దాదాపు అలాగే ఊగింది. బరువుతోపాటు గాలి బిగువూ పెరుగుతుంది కాబట్టి ఊపు మారదు. ఉక్కు స్ప్రింగుకు అది చేతకాదు, ఖాళీ బండికి గట్టిగా, నిండు బండికి మెత్తగా ఉండడమే దాని జాతకం. సుఖం మారకపోయినా టైరు మీద పడే బరువు మాత్రం ఎక్కడికీ పోదు. బ్రేకు పడే దూరం చూస్తే తెలిసింది.

సాయంత్రం వీధి పిల్లలంతా చేరారు. మా అమ్మాయి మీట నొక్కి బండిని వంచి, లేపి, మళ్లీ వంచి చూపించింది. "ఏనుగు! ఏనుగు!" అని కేకలు. ఏడోసారో ఎనిమిదోసారో ఏనుగు మొరాయించింది. తెరమీద పసుపు దీపం వెలిగింది. కంప్రెసర్ వేడెక్కిపోతే తనను తాను కాపాడుకోవడానికి కాసేపు పని మానేస్తుంది. పిల్లలు నిరుత్సాహపడి వెళ్లిపోయారు, అరగంటకు అది చల్లబడింది. నేను మాత్రం చల్లబడలేదు. కారుతున్న గాలికి తోడు ఈ ఆటకు కూడా ఆ ఒక్క కంప్రెసరే దిక్కు.

మూడో రోజు

రాజోలు, మలికిపురం మీదుగా అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం త్వరగానే అయింది. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోట నీళ్లు రెండు రంగుల్లో కనిపించాయి. ఇసుక దారి మొదలయ్యే చోట టైర్లలో గాలి తగ్గించాను. ఇక్కడ చక్రం కింది గాలే ముఖ్యం, చక్రం పైనున్న గాలి కాదు. టైరు మెత్తబడి పరుచుకుంటే ఇసుక మోస్తుంది. ఎంత ఎత్తు పెట్టినా గట్టి టైరు ఇసుకలో దిగబడుతుంది.

సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు, అంటే బండ్లను ఏరు దాటించే పెద్ద బల్లకట్టు, ఎక్కాం. రేవు వాలుగా దిగి, ఒక్కసారి మడత పడినట్టు పంటు పలక పైకి లేస్తుంది. నా ముందున్న తక్కువ ఎత్తు కారు ముందు బంపరు ఆ మడతలో కిర్రుమని గీసుకుంది, దాని యజమాని ముఖం చిట్లించాడు. నేను ఎత్తు పెంచి ఎక్కాను, ఏమీ తగల్లేదు. ఈ అయిదు రోజుల్లో ఆ మీటకు పూర్తిగా న్యాయం జరిగింది ఆ పలక మీదే. మనుషులం దిగగానే బరువు తగ్గి బండి కాస్త పైకి లేచింది. తలుపు తీసి ఉన్నంతసేపూ ఎత్తు మార్చుకోదు, తలుపు పక్కన నిలబడ్డవారి కాలు నలగకుండా ఆ జాగ్రత్త. తలుపు వేశాక చిన్నగా నిట్టూర్చి నేను పెట్టిన ఎత్తుకు దిగింది. పక్కనున్న చేపల బుట్టామె ఉలిక్కిపడి, "పంక్చరయిందండీ!" అంది.

నరసాపురం నుంచి పాలకొల్లు, క్షీరారామం గోపురం, చించినాడ వంతెన, దిండి, ఇల్లు. పాలకొల్లు రోడ్డు గతుకుల్లో ఒకసారి ఎత్తు తగ్గించడం మరిచిపోయాను. గుంట పడినప్పుడల్లా చక్రం పూర్తిగా చాపుకుని చివర తగిలి దబ్బున శబ్దం. వేగం యాభై దాటాక అదే తగ్గింది.

నాలుగో రోజు

ఒక వేలు కూడా పట్టలేదు. ఎడమ వెనక టైరు మడ్‌గార్డులో దూరిపోయినట్టుంది.

ఇక యానాం ప్రయాణం మధ్యాహ్నానికి వాయిదా వేసి, బావా నేనూ చాప పరుచుకున్నాం. ఇంజను తిప్పి లేపి, ఆపేశాం. తర్వాత సబ్బు నీళ్లు కావాలి. "తలంట్లకు కొట్టిన కుంకుడుకాయలున్నాయి" అంది అత్తయ్య. చెంబులో పిసికితే తెల్లటి నురగ పొంగింది. కొబ్బరి పీచు కుంచెలా చేసి నురగను బెలూన్ చుట్టూ పట్టించాం. బావ నమ్మకం బెలూన్ పగిలిందనే. రబ్బరు మడత పడే చోట ఇసుక, బురద ఇరుక్కుని అరగదీస్తాయి. అందుకే నిన్న రాత్రి మంచినీళ్లతో కడిగాను. ఒకటి రెండు సన్నని చీలికలు కనిపించాయి గానీ బుడగ రాలేదు.

పైన, గొట్టం బెలూన్‌లోకి దూరే ఇత్తడి కీలు దగ్గర నురగ పెట్టి ఊపిరి బిగపట్టి చూశాం. మొదట ఆవగింజంత బుడగ. అది మినపగింజంత అయింది, పగిలింది. దాని పక్కన ఇంకొకటి. సెల్‌ఫోన్ దీపం వెలుగులో బావ నవ్వాడు.

"సైకిల్ పంక్చరే. చుట్టాలు పెద్దవాళ్లు, అంతే."

గాలి మీద నిలబడ్డ బండి కిందికి ఎవరూ దూరకూడదు. కీలు వదిలితే రెండు టన్నుల పైచిలుకు బండి క్షణంలో కూలుతుంది. తుపానుకు పడ్డ కొబ్బరి చెట్టు దుంగలు పెరట్లో ఉన్నాయి, నాలుగు దొర్లించి ఛాసిస్ కింద పేర్చి, బండిని వాటి మీదికి దించాం. అప్పుడు కీలు నెమ్మదిగా వదులు చేస్తే మిగిలిన గాలి సన్నగా ఈల వేసుకుంటూ పోయింది. గొట్టం కొస ఒకవైపు నొక్కుకుని గుండ్రదనం పోయింది. బావ కొత్త బ్లేడుతో అరసెంటీమీటరు మేర నిట్టనిలువుగా కోశాడు. వాలుగా కోస్తే మళ్లీ కారుతుంది. తుడిచి, లోపల తగిలేదాకా నెట్టి, లాగి చూశాం. పట్టింది.

నింపేటప్పుడు బరువు దుంగల మీదే ఉండనిచ్చాం. గాలి లేని బెలూన్ మీద బరువు పడితే మడత అడ్డదిడ్డంగా పడి రబ్బరు నలుగుతుంది. ఇంజను తిప్పాను. కంప్రెసర్ మొదలై, టక్కున ఆగింది. మళ్లీ తిప్పాను, మళ్లీ ఆగింది. నా గుండె జారింది. తల తిప్పి చూస్తే మామయ్య వెనక తలుపు తెరిచి సీటు మీద కూర్చోబోతున్నారు.

"తలుపు, మామయ్యా!"

"కూర్చుంటే తప్పా?" అని విసుక్కుంటూనే వేశారు. బండి దుంగలను వదిలి లేచింది. బావ మరోసారి నురగ రాశాడు. బుడగ లేదు.

కోనసీమ గాలిలో తడి ఎక్కువని కంప్రెసర్ పక్కనున్న డ్రయ్యర్ కూడా విప్పి చూశాను. గాలిలోని తేమను పీల్చుకునే గుళికలు ఇందులో ఉంటాయి. బండి దిగినప్పుడు పొడిగాలి వెనక్కి వాటి మీదుగానే బయటికి పోతూ కొంత ఆరబెడుతుంది. మరీ తడిస్తే కవాటాలు తుప్పు పడతాయి. ఈసారికి పర్వాలేదు.

మధ్యాహ్నం అమలాపురం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళ్లొచ్చాం. గౌతమి మీద ఎండ, బజ్జీలు, అంతే. నా మనసంతా మర్నాటి పొద్దున మీదే ఉంది.

అయిదో రోజు

నాలుగు వేళ్లు. కుడివైపూ నాలుగే.

తిరుగు ప్రయాణానికి సామాను పెట్టడం మొదలైంది. బియ్యం బస్తా ఒకటి. కాయలు డెబ్భై. ఆవకాయ జాడీ రెండు, గడ్డి చుట్టి. అరటి గెల. కందిపప్పు సంచి. అత్తయ్య ఇంకేదో మూటగట్టి తెచ్చింది, అడిగితే "నువ్వు చూడకు" అంది. ఇంజను తిప్పితే బండి మళ్లీ లేచి ఏమీ ఎరగనట్టు నిలబడింది.

"చూశావా, ఒక్క అంగుళం కుంగలేదు. ఇంకో బస్తా పడుతుంది" అన్నాడు బావ, రెండో బియ్యం బస్తా భుజాన వేసుకుని.

నేను నోరు తెరవబోయేలోపే మామయ్య కర్ర ఆనించి వెనక చక్రం దగ్గర వంగారు. మడ్‌గార్డు వైపు చూడలేదు, సెన్సర్ వైపు అసలే చూడలేదు. టైరు నేలను తాకే చోట, పక్కకు ఉబ్బిన దాని పొట్ట మీద రెండు వేళ్లు పెట్టి నొక్కారు. రెండోవైపు వెళ్లి అలాగే నొక్కారు.

"పైన గొప్పలు పోతోంది గానీ కాళ్లు మాత్రం ఒప్పుకోవట్లేదురా. దింపు" అన్నారు.

బావ బస్తా దింపాడు. మామయ్య డిక్కీలోకి తొంగిచూసి, ఇరవై కాయలు కూడా తీయించారు. రావులపాలెంలో పంక్చరు షాపు దగ్గర ఆగి, నిండు బండికి తలుపు మీద రాసి ఉన్న లెక్క ప్రకారం వెనక టైర్లలో గాలి కొట్టించాను.